భుజాలు వెడల్పు, తుంటి సన్నం: పెళ్లి జాకెట్టు నుంచి ఆఫీసు కుర్తా దాకా

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: స్కూలు నుంచి కాలేజీ దాకా ఈత పోటీలకు వెళ్లారు. భుజాలు బాగా వెడల్పు, నడుము కింద సన్నం. ఏ జాకెట్టు కుట్టించినా చంకల దగ్గర పట్టేస్తోంది, ఫొటోల్లో పైభాగమే కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. అందుకని ఆఫీసుకి వదులు కుర్తాలు, లెగ్గింగులతో సరిపెట్టుకుంటున్నారు. ఇప్పుడు అన్నయ్య పెళ్లి కుదిరింది. ముహూర్తానికి కంచిపట్టు చీర, రిసెప్షన్‌కి లెహంగా అనుకుంటున్నారు. భుజాలు కనపడకుండా ఏం కుట్టించుకోవాలి అన్నారు.

చాలా ఏళ్లుగా జాకెట్లు, లెహంగాలు కత్తిరించి కుడుతున్నదాన్ని కాబట్టి సూటిగా చెప్తానమ్మా. భుజాలు కనపడకుండా చేసే బట్ట లేదు. దాచాలని చూసేకొద్దీ పైన గుడ్డ పెరుగుతుంది, గుడ్డ పెరిగేకొద్దీ వెడల్పూ పెరుగుతుంది. ఆ శ్రమంతా నడుము కిందికి మళ్లించండి. పైన బట్ట ఒంటికి సరిగ్గా కూర్చోవాలి, సాదాగా ఉండాలి. కింద నిండుగా ఉండాలి. నిండుతనం కిందికి వచ్చిందంటే ఆ భుజాలే మీ చీరకట్టుకి అందం తెస్తాయి. మంచి భుజం ఉన్న మనిషికి పైట జారదు, జాకెట్టు వెనక వీపు తీరుగా కనిపిస్తుంది. ఇది మిమ్మల్ని ఊరడించడానికి అంటున్న మాట కాదు, ట్రయల్‌కి వచ్చినవాళ్లని అద్దం ముందు నిలబెట్టి చూసి చెప్తున్నాను.

ఇప్పుడు మీరు వేసుకుంటున్న జోడీనే తీసుకోండి. వదులు కుర్తా భుజం చివర నుంచి నేరుగా కిందికి దిగుతుంది, హ్యాంగర్‌కి తగిలించిన చొక్కాలాగా. ఉన్న నడుము కూడా అందులో కలిసిపోతుంది. కింద లెగ్గింగు కాళ్లని ఇంకా సన్నం చేస్తుంది. అంటే పైన వెడల్పు, కింద సన్నం అన్న తేడాని ఈ రెండూ కలిసి రెట్టింపు చేస్తున్నాయి. మీ ఇబ్బందిలో సగం ఒంటిది కాదు, ఈ జోడీది.

ముందు టేపు పట్టుకోండి. ఒక్కరే కొలుచుకోవద్దు, అమ్మనో అక్కనో కొలవమనండి. భుజం కొలత వెనకవైపు తీయాలి. ఒక భుజం ఎముక చివర నుంచి, మెడ వెనక తగిలే ఎముక మీదుగా, రెండో భుజం ఎముక చివర దాకా. తర్వాత ఛాతీ, నడుము. చివరికి తుంటి: నడుము నుంచి సుమారు 8 అంగుళాలు కిందికి, బాగా నిండుగా ఉన్నచోట. ఛాతీ కొలత తుంటి కంటే రెండు మూడు అంగుళాలు ఎక్కువొస్తే కింద చెప్పేదంతా మీకు వర్తిస్తుంది. ఛాతీ, తుంటి సమానంగా ఉండి భుజం కొలత మాత్రమే ఎక్కువైతే కింద నిండుతనం కోసం అంత తాపత్రయపడక్కర్లేదు, జాకెట్టు భుజం సరిచేయిస్తే చాలావరకు తేలిపోతుంది.

జాకెట్టు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మీ కష్టమంతా అక్కడే ఉంది.

36 ఛాతీకి మా పనిలో భుజం 14 లేదా 14న్నర అంగుళాలు వేయడం అలవాటు. ఈత, వాలీబాల్ ఆడినవాళ్లకి అదే ఛాతీకి 15న్నర, 16 కూడా వస్తుంది. టైలరు ఛాతీని బట్టి భుజం వేసేస్తే చెయ్యి అతుకు భుజం ఎముక మీద కూర్చోకుండా లోపలికి ఎక్కేస్తుంది. అప్పుడు కండ మీద గుడ్డ లాగుతుంది, చంక ముందు భాగంలో అడ్డంగా ముడతలు పడతాయి, విప్పాక ఎర్రటి గీత మిగులుతుంది. చాలామంది దీన్ని చూసి "చేతులు వదులు చేయండి" అంటారు. చేతులు వదులు చేస్తే పైచెయ్యి ఇంకా లావుగా కనిపిస్తుంది, పట్టేయడం మాత్రం అలాగే ఉంటుంది. తప్పు చేతిలో లేదు, భుజంలో ఉంది.

ఇంకో పెద్ద చిక్కు ఆది జాకెట్టు. పాత జాకెట్టు ఇచ్చి ఇలాగే కుట్టండి అంటాం. ఆ పాతదాంట్లో భుజం తక్కువ పడి ఉంటే ఆ తక్కువే ఏళ్ల తరబడి ఒక జాకెట్టు నుంచి ఇంకో జాకెట్టుకి వెళ్తూనే ఉంటుంది. పెళ్లి జాకెట్టుకి ఆది ఇవ్వకండి. ఒంటి మీద కొలతలు తీయమనండి. లోతు మెడ పెట్టేటప్పుడు జారకుండా ఉండటానికి భుజం కొంచెం తగ్గించి కత్తిరిస్తాం, అది మామూలే. మీ విషయంలో ఆ తగ్గింపు అర అంగుళం దాటకూడదని ముందే చెప్పండి.

భుజం వాలు కూడా చూడమనండి. మెడ దగ్గర నుంచి భుజం చివరకి గుడ్డ ఎంత కిందికి దిగాలన్నదే వాలు. మామూలుగా ముప్పావు నుంచి ఒక అంగుళం దాకా ఇస్తాం. వెడల్పు భుజాలు చాలాసార్లు తిన్నగా కూడా ఉంటాయి. వాటికి అంత వాలు ఇస్తే మెడ వెనక, సరిగ్గా మెడ కింద, గుడ్డ పోగుపడి ఒక అడ్డ ముడత వస్తుంది. మీ పాత జాకెట్లు వేసుకుని వీపు ఫొటో తీయించుకోండి. ఆ ముడత కనిపిస్తే వాలు అర అంగుళానికి తగ్గించమని చెప్పండి. చంక కోత కిందికి జారకుండా పైకి ఉండాలి. చంక కిందికి ఉంటే చెయ్యి ఎత్తినప్పుడల్లా జాకెట్టంతా పైకి లేస్తుంది. మీరు పెళ్లికొడుకు చెల్లెలు, ఆడపడుచుగా ఆ రోజు కుదురుగా కూర్చునే వీలుండదు. అక్షింతలు వేసినా, తలంబ్రాల పళ్లెం అందుకున్నా చెయ్యి లేవాలి కదా.

ముందు భాగానికి ప్రిన్సెస్ కట్ అడగండి. అందులో పొడవాటి అతుకులు నిలువుగా దిగుతాయి కాబట్టి చూపు అడ్డంగా కాకుండా కిందికి నడుస్తుంది. కటోరీ కట్‌లో కప్పు చుట్టూ వచ్చే అతుకు ఛాతీ మీదే చూపుని నిలబెడుతుంది, మీకు అది అక్కర్లేదు.

మెడ విషయానికొస్తే, బోట్ నెక్ మీకు వద్దు. ఒక భుజం నుంచి ఇంకో భుజానికి గీత గీసినట్టు ఉంటుంది, ఆ గీతే వెడల్పుని కొలిచి చూపిస్తుంది. కాలర్ ఉన్న హై నెక్ కూడా భుజాల మధ్య ఉన్న ఖాళీ అంతా గుడ్డతో నింపేస్తుంది. మీకు సన్నగా, లోతుగా దిగే మెడ కావాలి. వి నెక్, లేదా పొడవాటి యు నెక్. హృదయం ఆకారంలో వంపు తిరిగే స్వీట్‌హార్ట్ మెడ బాగుంటుంది, కానీ పక్కలకి మరీ విప్పారకుండా చూడాలి. లోతు ఎంత అన్నది మీ ఇష్టం, పెద్దవాళ్ల ముందు మీకు ఎంత వరకు ఇబ్బంది లేదో అంతే. లోతు కంటే సన్నదనం ముఖ్యం. వెనక మెడ కూడా అంతే. ఇప్పుడు అందరూ అడిగే, కుండ ఆకారంలో కోసే వెడల్పాటి కుండ మెడ మీకు వీపు మొత్తం పరిచి చూపిస్తుంది. లోతు తగ్గించనక్కర్లేదు, వెడల్పు తగ్గించి, పైన సన్నటి డోరీ (తాడు) కట్టి, దాని చివర వేలాడే కుచ్చులు, అదే లట్కన్లు, పొడవుగా వీపు మధ్యకి వేలాడేలా వదలండి. పెళ్లి ఫొటోల్లో సగం వెనక నుంచి తీసినవే ఉంటాయి.

చేతుల్లో బుట్ట చేతులు ఇప్పుడు మళ్లీ బాగా నడుస్తున్నాయి, షాపులో అవే ముందు చూపిస్తారు. మీరు వాటి జోలికి పోకండి. భుజం మీద కుచ్చు లేచిందంటే రెండు వైపులా అంగుళం చొప్పున వెడల్పు పెరిగినట్టే. భుజం మీదే ఆగిపోయే పొట్టి క్యాప్ చేతులు కూడా అంతే, ఎక్కడైతే మీరు బాగా వెడల్పుగా ఉన్నారో సరిగ్గా అక్కడే గీత వేస్తాయి. మోచేతి దాకా దిగే, ఒంటికి అంటి ఉండే చేతులు మీకు చక్కగా నప్పుతాయి. ముప్పావు చేతులు ఇంకా నయం. చెయ్యి కిందికి వదిలినప్పుడు చేతి అంచు నడుము దగ్గరకి వస్తుంది, చూపు అక్కడ ఆగుతుంది. కుర్తాల్లో అయితే మణికట్టు దగ్గర విప్పారే బెల్ చేతులు పెట్టించుకోండి. చెయ్యి వాలిస్తే మణికట్టు సరిగ్గా తుంటి పక్కకే వస్తుంది కదా, ఆ విప్పారిన గుడ్డ తుంటికి వెడల్పునిస్తుంది.

చేతుల్లేని జాకెట్టు వేసుకోవచ్చా అని కూడా మీకు అనుమానం ఉండే ఉంటుంది. వేసుకోవచ్చు. భుజం ఎముక చివర దాకా గుడ్డ ఉండేలా తిన్నగా కత్తిరిస్తే బాగుంటుంది. మెడ వైపుకి లోపలికి కోసేసిన హాల్టర్ రకం వేస్తే మాత్రం భుజం కండ అంతా బయటపడి ఇంకా వెడల్పుగా కనిపిస్తుంది.

మగ్గం వర్క్ గురించి మీరు రాయలేదు, కానీ పెళ్లి జాకెట్టు అంటే అది లేకుండా ఉండదు. మగ్గం వాళ్లు భుజం మీద నిండుగా ఒక పెద్ద బుట్టా, చేతుల మీద పైనుంచి కింది దాకా పని వేయడానికి ఉత్సాహపడతారు. భుజం ఖాళీగా వదిలేయమనండి. మెడ చుట్టూ వి ఆకారంలో దిగే పని, చేతి చివర మోచెయ్యి దగ్గర నాలుగు అంగుళాల పట్టీ, అంతే. జర్దోసీ అయినా, కుందన్లయినా మెరిసేది ఎక్కడుంటే చూపు అక్కడికే పోతుంది. గుడ్డ మీద డిజైను ముగ్గు గీసేటప్పుడే మీరు పక్కన ఉండి ఇది చెప్పండి, కుట్టాక మార్చడం కుదరదు.

ఇక చీర. ఇంత చెప్పాక మీరు నమ్మకపోవచ్చు, మీ లాంటి ఒంటికి చీరని మించిన బట్ట లేదు. అయిదున్నర మీటర్ల గుడ్డలో ఎక్కువ భాగం నడుము కిందే ఉంటుంది, పైన ఒంటి మీద ఏటవాలుగా ఒక్క పొర వెళ్తుంది. కింద నిండుతనం, పైన ఏటవాలు గీత, మీకు కావలసిన రెండూ అందులోనే ఉన్నాయి. ఎక్కడ చెడుతుందంటే కట్టే తీరులో.

కంచిపట్టుకి పెద్ద అంచు, గట్టి గుడ్డ. పల్లు మడతలు వెడల్పుగా పెట్టి భుజం చివర పిన్ను కొడితే ఆ మడతల దొంతర భుజం మీద బిళ్లలాగా లేచి కూర్చుంటుంది. మడతలు నాలుగు అంగుళాలు దాటనివ్వకండి. పిన్ను భుజం చివర కాకుండా, మెడకీ భుజం చివరకీ సరిగ్గా మధ్యలో కొట్టమనండి. పల్లు మెడ వైపుకి జరిగితే మీ భుజం రెండు ముక్కలుగా కనిపిస్తుంది, వెడల్పు దానంతటదే తగ్గుతుంది. చీర కట్టే అమ్మాయికి ఇది ముందే చెప్పకపోతే అలవాటు ప్రకారం చివరకే కొడుతుంది. ఛాతీ మీదుగా వెళ్లే అంచు నిటారుగా కాకుండా నడుము దగ్గర నుంచి ఏటవాలుగా పైకి ఎక్కాలి. గుజరాతీ పద్ధతిలో పల్లు ముందుకి తెచ్చి పరిచేది ఈ పెళ్లికి వద్దు, అందులో జరీ పల్లు మొత్తం ఛాతీ మీద పరుచుకుంటుంది.

లోపల లంగా. ఇప్పుడు అందరూ చేప తోకలా ఒంటికి అంటిపోయే షేప్‌వేర్ లంగా కొంటున్నారు. తుంటి ఎక్కువ ఉన్నవాళ్లు దాన్ని అణచడానికి వేసుకునేది అది. మీకు ఉన్నదే తక్కువ, దాన్ని ఇంకా అణచుకోవడం ఎందుకు? నాడా దగ్గర కుచ్చులు వచ్చే మామూలు నూలు లంగా కుట్టించుకోండి. కొంచెం గంజి పెట్టి ఇస్త్రీ చేయించండి. కుచ్చిళ్లు మరీ సన్నగా ఎక్కువ పెట్టి ముందు ఒక్కచోట దోపేయకుండా, అయిదారు కుచ్చిళ్లు కొంచెం వెడల్పుగా పెట్టి పరుచుకునేలా దోపమనండి. పెళ్లిలో వడ్డాణం పెట్టుకునే ఆచారం మీ ఇంట్లో ఉంటే తప్పకుండా పెట్టుకోండి. అది చూపుని నేరుగా నడుముకి లాగుతుంది. వంకీ మాత్రం ఈసారికి వదిలేయండి, పైచెయ్యి మీద పట్టీలా కూర్చుని భుజాల వెడల్పుని ఎత్తి చూపిస్తుంది. మెడకి అంటుకునే కంటె కంటే కాసుల పేరు, పొడవు హారం నయం. జడ పూలతో ఒక పక్క నుంచి ముందుకి వేసుకుంటే ఆ భుజం మీద నిలువు గీత పడుతుంది.

పెళ్లి తర్వాత కట్టుకునే చీరల మాట కూడా చెప్పేస్తాను. షిఫాన్, పల్చటి జార్జెట్, క్రేప్ ఒంటికి అంటుకుని తుంటి సన్నదనాన్ని అలాగే చూపిస్తాయి. నిలబడే గుడ్డలు తీసుకోండి. గంజి పెట్టిన మంగళగిరి నూలు, ఆర్గంజా, నారాయణపేట. గద్వాల చీర మీ కోసమే నేశారా అనిపిస్తుంది. ఒళ్లంతా తేలికైన నూలు, కింద బరువైన పట్టు అంచు. కుప్పడం పద్ధతిలో ఆ పట్టు అంచుని నూలుకి కలిపి నేస్తారు కాబట్టి బరువంతా పాదాల దగ్గరికి వస్తుంది, చీర పైన తేలికగా, కింద నిండుగా నిలబడుతుంది. హాఫ్ అండ్ హాఫ్ చీరలు దొరికితే కుచ్చిళ్ల భాగం లేత రంగు, పైట ముదురు రంగు ఉన్నది ఎంచుకోండి. తిరగేసినది కాదు. పోచంపల్లి ఇక్కత్‌లో పెద్ద డిజైను ఉంటే జాకెట్టు ముదురు రంగు సాదాది వేయండి. అదే గుడ్డతో జాకెట్టు కూడా కుట్టించేస్తే డిజైను మొత్తం పైకి ఎక్కేస్తుంది.

లెహంగా దగ్గర మీ ఆలోచన కొంచెం మార్చమంటాను. రెడీమేడ్ లెహంగాలు చాలావరకు కలీల కోతతో వస్తాయి. కలీలంటే పైన సన్నగా, కింద వెడల్పుగా ఉండే నిలువు ముక్కలు. వాటిని కలిపి కుడితే నడుము దగ్గర, తుంటి దగ్గర గుడ్డ చదునుగా అంటి ఉండి కిందికి వెళ్లేకొద్దీ విప్పారుతుంది. నిండు తుంటికి అది అందం. మీకు విప్పారాల్సింది పైనుంచే. మన పట్టులంగా ఉంది చూడండి, నడుము పట్టీ దగ్గరే కుచ్చులు పెట్టి కుడతారు, తుంటి మీదే గుడ్డ నిండుగా లేస్తుంది. రిసెప్షన్‌కి లంగా ఓణీ తరహాలో, నడుము దగ్గర బాక్స్ ప్లీట్లు (పెట్టెలా పరుచుకునే వెడల్పు మడతలు) పెట్టి కుట్టించండి. ఓణీ ఒక్క భుజం మీదుగా ఏటవాలుగా వస్తుంది, అది చీర పైట చేసే పనే చేస్తుంది. లెహంగానే కావాలంటే చున్నీని రెండు భుజాల మీద పరిచి పిన్నులు కొట్టొద్దు. ఒకవైపు నిలువుగా మడిచి వేలాడనివ్వండి.

లెహంగా నిలబడటానికి లోపల గట్టి నెట్ పొర, అదే కేన్‌కేన్, వేయిస్తారు కదా. కొందరు దాన్ని మోకాలి దగ్గర నుంచి వేస్తారు, అంచు మాత్రం గుండ్రంగా నిలబడేలా. మీరు నడుముకి మూడు నాలుగు అంగుళాల కింద నుంచే ఒక పొర మొదలుపెట్టమనండి. నడుము పట్టీ రెండు అంగుళాల వెడల్పు ఉండాలి, నాడాతో పాటు హుక్కులు కూడా ఉండాలి. తుంటి సన్నంగా ఉన్నవాళ్లకి బరువు లెహంగా పట్టు దొరక్క జారిపోతుంది, రాత్రంతా పైకి లాక్కుంటూ ఉండాల్సి వస్తుంది. బొడ్డు కిందికి దించకుండా నడుము సన్నగా ఉన్నచోటే కట్టుకోండి.

ఇందులో నేను కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. 1947 ఫిబ్రవరి 12న పారిస్‌లో ఫ్రెంచ్ దుస్తుల డిజైనర్ క్రిస్టియన్ డియోర్ తన మొదటి ప్రదర్శన పెట్టాడు, ప్రపంచం దాన్ని న్యూ లుక్ అంది. అంతకుముందు యుద్ధకాలమంతా ఆడవాళ్ల కోట్లకి దళసరి ప్యాడ్లతో చతురస్రపు భుజాలు, తక్కువ గుడ్డతో కుట్టిన ఇరుకు స్కర్టులు. డియోర్ భుజాన్ని మెత్తగా గుండ్రం చేశాడు, నడుము బిగించాడు, ఆ ప్రదర్శనలో పేరుపడ్డ బార్ జాకెట్ లోపల తుంటి దగ్గర మెత్తలు పెట్టాడు, కింద స్కర్టుకి మీటర్ల కొద్దీ గుడ్డ పోశాడు. మన కేన్‌కేన్, కుచ్చుల లంగా చేసేదీ ఆ పనే. దానికి సరిగ్గా ఎదురు దారి కూడా ఉంది. 1930ల్లో హాలీవుడ్‌లో ఎంజీఎం స్టూడియోకి దుస్తులు రూపొందించిన ఏడ్రియన్, నటి జోన్ క్రాఫర్డ్ వెడల్పు భుజాలని దాచలేదు. ఇంకా పెంచి చూపించాడు. ఆ భుజాల కోసం మామూలు ఆడవాళ్లు ప్యాడ్లు పెట్టించుకున్నారు. ఎప్పుడైనా ఆఫీసులో పెద్ద మీటింగు ఉండి, గదిలోకి అడుగు పెట్టగానే అందరూ చూడాలనిపిస్తే మీరు ఆ దారి కూడా పట్టొచ్చు. మిగతావాళ్లు ప్యాడ్లు పెట్టి తెచ్చుకునే ఆకారం మీకు పుట్టుకతో, ఈతతో వచ్చింది.

ఆఫీసు బట్టలకి వస్తే, వదులు సైజు కొనే అలవాటు మానుకుని భుజానికి సరిపోయే సైజు కొనండి. భుజం పెంచడం ఎవరి వల్లా కాదు, పక్కలు తగ్గించడం ఏ టైలరైనా చేస్తాడు. అయితే ఆల్టరేషన్‌కి ఇచ్చేటప్పుడు "పక్కలు లోపలికి కుట్టండి" అని వదిలేస్తే చంక నుంచి పక్క చీలిక దాకా ఒకే గీతలో కుట్టేస్తారు, కుర్తా గొట్టంలా తయారవుతుంది. ఇలా చేయండి: కుర్తా తిరగేసి వేసుకుని, నడుము ఎక్కడుందో రెండు పక్కలా పిన్ను గుచ్చండి. చంక కింద ఏమీ ముట్టుకోకుండా, అక్కడి నుంచి నడుము పిన్ను దాకా మెల్లగా లోపలికి వచ్చి, మళ్లీ తుంటి దగ్గరికి వచ్చేసరికి పాత కుట్టులోనే కలిసిపోవాలి. నడుము దగ్గర ఒక్కో పక్క అంగుళం, అంగుళంన్నర చాలు. వీపు మధ్యలో రెండు పొడవాటి డాట్లు (గుడ్డని మడిచి వేసే కుట్లు) వేయిస్తే ఇంకా బాగా కూర్చుంటుంది. తుంటి దగ్గర వదులు అలాగే ఉండనివ్వాలి, ఆ వదులే మీకు కావలసిన నిండుతనం. మీ దగ్గరున్న కుర్తాల్లో బాగున్నవి ఏరి ఈ పని చేయించండి, కొత్తవి కొనడం తర్వాత చూద్దురు.

కొత్తవి కొంటే ఎ లైన్, నడుము దగ్గర కుచ్చులున్న అనార్కలి, ముఖ్యంగా అంగరఖా. అంగరఖాలో ఒక వైపు గుడ్డ ఇంకో వైపుకి ఏటవాలుగా వచ్చి నడుము పక్కన ముడి పడుతుంది, మెడ దానంతటదే వి అవుతుంది. మీ దగ్గర ఒక్కటైనా ఉండాల్సిన కుర్తా అది. ఛాతీ మీద అడ్డంగా యోక్ (విడిగా అతికిన పైముక్క) ఉన్నవి, భుజం మీద ఎంబ్రాయిడరీ ఉన్నవి పక్కన పెట్టండి. పక్క జేబులున్నవి తీసుకోండి, జేబు తుంటికి కాస్త ఎత్తునిస్తుంది. లెగ్గింగులు ఇంట్లోకి ఉంచుకుని బయటికి పలాజో, పటియాలా, షరారా వేయండి. పటియాలాలో కుచ్చులన్నీ తుంటి చుట్టూనే ఉంటాయి, పొట్టి కుర్తీతో వేస్తే చాలా బాగుంటుంది. పైన ముదురు, కింద లేత రంగో పెద్ద ప్రింటో.

జీన్స్‌లో బూట్‌కట్, వైడ్ లెగ్. వెనక జేబులకి మూత ఉన్నవి. స్కిన్నీ వద్దు. బ్లేజర్ కొంటే లోపల ప్యాడ్ ఉందేమో నొక్కి చూడండి, ఉంటే లైనింగ్ విప్పి తీయించేయొచ్చు. ఒకే వరస గుండీలు, పొడవుగా సన్నగా దిగే కాలర్ ఉన్నది ఎంచుకోండి. టీషర్టుల్లో మెడ నుంచి చంక దాకా ఏటవాలు అతుకు ఉండే రాగ్లాన్ రకం మీకు మంచిది, ఎందుకంటే అందులో భుజం చివర అతుకే ఉండదు.

పెళ్లి పనికి వరస ఇలా పెట్టుకోండి. మగ్గానికి గుడ్డ కనీసం నెల ముందే ఇవ్వాలి, పెళ్లిళ్ల సీజన్లో ఇంకా ముందే. మగ్గానికి ఇచ్చే ముందు అదే కొలతలతో ఒక మామూలు నూలు జాకెట్టు కుట్టించి వేసుకుని చూడండి. ఆ జాకెట్టుతో రెండు చేతులూ పైకెత్తండి, ముందుకి చాపి ఎవరినో కౌగిలించుకున్నట్టు పెట్టండి, కుర్చీలో కూర్చుని వంగండి. వీపు మీద లాగకుండా, కింద అంచు పైకి లేవకుండా, చెయ్యి అతుకు భుజం ఎముక మీదే ఉంటే ఆ కొలతలు ఖాయం చేసి మగ్గానికి ఇవ్వండి. పక్క కుట్లలో అంగుళం గుడ్డ లోపల వదలమనండి. ఈత మళ్లీ మొదలుపెట్టారంటే ఆ అంగుళం అవసరం పడుతుంది.

భుజం, ఛాతీ, నడుము, తుంటి కొలతలు, పాత జాకెట్టు వేసుకున్నప్పుడు ముడతలు ఎక్కడ పడుతున్నాయో రాసి పంపండి. మెడ వెడల్పు ఎంత పెట్టాలో, చంక ఎంత కోయాలో అంకెలతో సహా చెప్తాను, ఆ కాగితం మీ టైలరుకి చూపిద్దురు.